కోడలు థాంక్స్ చెప్పిన నెల

ఏడో తొట్టి. 212వ రోజు.

నీళ్ళు పచ్చగా ఉన్నాయి. నురగ మామూలే. వాసన లేదు. రెండుసార్లు కలియబెట్టాను. గోడలకు పట్టిన పాచి గీకాను.

ఇనుపకోన పీల్చే గాలి ఈ తొట్ల నీళ్ళలోంచే పుడుతుంది కాబట్టి రోజూ రాయాలి; ఇంతవరకు రాస్తే చాలంటారు. మేస్త్రీ వారానికోసారి వచ్చి మొదటి గీత పక్కన సంతకం పెట్టి పోతాడు, కింద ఏముందో చూడడు. రెండో తరగతి దాకా చదివిన ముసలిదాని రాత చదవాలని ఎవరికుంటుంది. అందుకే కింద ఖాళీలో రాసుకుంటున్నాను. నోటితో చెబితే ఈ ఇనుపకోన సొరంగాల్లో అరగంటలో ఆ మాట మా గదికే తిరిగొస్తుంది.

విషయం ఏమిటంటే, ఈ ఉదయం నా కోడలు ఇందుమతి నాకు థాంక్స్ చెప్పింది.

నేను రొట్టె కాలుస్తున్నాను. తను ఆకుమళ్ళ పనికి బయలుదేరుతూ, గాలి ముసుగు మెడకు తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"అత్తా, నిన్న నా బూట్ల ఎర్రదుమ్మంతా దులిపి పెట్టావుగా. థాంక్స్."

ఆరేళ్ళయింది ఈ ఇంటికి వచ్చి. ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనవలసిన పనీ లేదు. సొంతవాళ్ళకి ఎవరైనా థాంక్స్ చెబుతారా? ఇంకో రొట్టె అడిగి తింటే నాకు తెలియదా?

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలేదత్తా. చెప్పాలనిపించింది."

ఏమీ కాకుండా ఎందుకు అనిపిస్తుంది?

215వ రోజు.

రంగు బాగుంది. నురగ కొంచెం ఎక్కువ. గీకాను.

ఎనిమిదో తొట్టి చూసే కాశింబి నా చేతుల వైపు చూసి, "పాచి గీకుతన్నావా వదినా, తొట్టికే చిల్లు పెడతన్నావా?" అంది.

ఇక ఆపుకోలేక చెప్పేశాను. నాలుగు రోజులుగా రోజుకొకటి. మొదటిరోజు బూట్లు. మర్నాడు చారు. తర్వాత, తన ముసుగు పట్టీ కుట్టినందుకు. ఈ రోజు, తను మాట్లాడుతుంటే మధ్యలో లేచి పోకుండా విన్నందుకట. ఆ సమయంలో నా కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను, అంతే.

కాశింబి నవ్వింది. "కోడలు థాంక్స్ చెబితే ఇంట్లో దొంగలు పడ్డట్టు మాట్లాడతావేంది? మా ఇంట్లో నాకు బదులు పలికేది కుక్కర్ ఒక్కటే. అదీ మూడు ఈలలేసి ఊరుకుంటది. నీ కోడల్ని నాకియ్యి, నా కోడల్ని నువ్వు తీసుకో."

"నవ్వకు. మా అక్కకి ఎట్లా జరిగిందో నువ్వూ చూశావుగా."

కాశింబి నవ్వు ఆపేసింది.

ఇనుపకోనలో ఒకరి ముఖం చూసి థాంక్స్ చెప్పేది ఒక్కసారే. దూరపాలెం బండి ఎక్కే రోజున. ఇంట్లోవాళ్ళంతా వాకిట్లో నిలబడి, పోయేవాళ్ళు తమకు ఏమేం చేశారో ఒక్కొక్కరూ చెబుతారు. దాన్ని వాకిటి మాట అంటారు. అది అయ్యాకే బండి తలుపు వేస్తారు. మా అక్క వెంకాయమ్మకి ముగ్గురు కొడుకులూ చెప్పారు. చిన్నవాడు ఏడ్చాడు కూడా. బండి రెండు రోజులు నడుస్తుంది, కొండ అవతలికి. అక్కడ గాలి ఎక్కువ, మనుషులు తక్కువ అంటారు. వైర్లెస్‌లో అక్క గొంతు ఒక్కసారి విన్నాను. తిరిగొచ్చినవాళ్ళని మాత్రం ఇంతవరకు చూడలేదు.

మా గదికి వచ్చే గాలి గొట్టం ముగ్గురికి సరిపోతుంది. నేను, నా కొడుకు గోవర్ధనం, ఇందు. ఇప్పుడు ఇందుకి ఏడో నెల. నాలుగో ప్రాణం వస్తే ఒకరు కదలాలి. బండి 242వ రోజున వస్తుంది. ఆ తర్వాత దుమ్ముకాలం, ఆరు నెలలు బండి రాదు. కాబట్టి కదిలేవాళ్ళు ఆ రోజే కదలాలి. ఎవరో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. నేనూ ఎత్తను. ఎత్తితే, అవును నువ్వే అంటారేమోనని.

219వ రోజు.

రంగు సరే. నురగ సరే.

కడుపుతో ఉన్నవాళ్ళకి ఆసుపత్రిలో సలహాపెట్టె ఒకటి ఇస్తారు, అరచేయంత ఉంటుంది. ఏం తినాలి, ఎట్లా పడుకోవాలి, అన్నీ మెత్తటి గొంతుతో చెబుతుంది. నాకు ఆ గొంతు మొదటినుంచీ గిట్టదు. అంత మెత్తగా మాట్లాడేవాళ్ళకి ఏదో ఒకటి కావలసి ఉంటుంది.

ఈ రోజు గిన్నెలు తుడుస్తుంటే తెర వెనక నుంచి వినబడింది. "రోజుకొకటి చెప్పండి. వాళ్ళు ఏం చేశారో కచ్చితంగా చెప్పండి. ముప్పై రోజులు మానకండి. తర్వాత తర్వాత మీకే సులువవుతుంది."

వేళ్ళు మడిచి చూసుకున్నాను. మొదలుపెట్టింది 212న. ముప్పై రోజులంటే 242.

గిన్నె జారి కింద పడింది. ఇందు పరుగెత్తుకొచ్చి, "దెబ్బ తగిలిందా అత్తా?" అంది. తగల్లేదన్నాను. చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. పోయేదాని చేతులు ఎట్లా ఉంటే ఏం?

222వ రోజు.

పొద్దున గీకాను. మధ్యాహ్నం మరిచాను.

ఇల్లు చేరేసరికి ఇందు ఒక తాడు పట్టుకుని నా మంచం కొలుస్తోంది. పొడుగు, వెడల్పు. నన్ను చూసి తాడు వెనక్కి పెట్టుకుంది.

"ఏం చేస్తన్నావు?"

"ఏం లేదత్తా, ఊరికే."

కడుపుతో ఉన్నది నడుం వంచి ఊరికే మంచాలు కొలుస్తుందా? బండిలో సామానుకి ఎంత చోటు ఇస్తారో నాకు తెలియదనుకుంది.

అన్నం పెడుతుంటే ఈ రోజు థాంక్స్ కూడా చెప్పింది. మూడో నెలలో వాంతులవుతుంటే వారం రోజులు గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నానట. నేను మరిచిపోయాను. తను మరవలేదు. ఒక్కొక్కటే తవ్వి తీస్తోంది. బతికి పక్కనే ఉండేవాళ్ళవి ఎవరు ఇట్లా తవ్వుతారు?

అన్నం సహించలేదు.

224వ రోజు.

నురగ పొంగింది. కాశింబి చూసి సర్దింది.

తొట్టి పని చేసేవాళ్ళు ముందే రాయించుకుంటే వాళ్ళని కదపరని కాశింబే చెప్పింది. ఈ రోజు పని మధ్యలో గదుల ఆఫీసుకి పోయాను. బల్ల దగ్గర ఫిలోమినమ్మ ఉంది. మంచి మనిషే, కాకపోతే ఎప్పుడూ వరుస ఉంటుంది, ఎప్పుడూ తొందరే.

"నిలుపుదల కాగితమా అమ్మమ్మా? ఇదిగో. ఇది పెడితే మిమ్మల్ని ఎవరూ కదపలేరు. చదువుకుని సంతకం పెట్టండి."

చిన్న అక్షరాలు. మూడు గీతలు చదివేసరికి కళ్ళు మసకబారాయి. వెనక ఎవరో దగ్గారు. పెట్టేశాను.

మరి మా ఇంట్లో ఇంకెవర్ని కదుపుతారని నేను అడగలేదు. అప్పుడు ఆ ఆలోచన రాలేదని ఇక్కడ రాయబోయాను. అది అబద్ధం. వచ్చింది. అడగలేదు.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఈ రోజు థాంక్స్ నేను పెట్టిన గోంగూర పచ్చడికి. "సర్లే," అన్నాను.

226వ రోజు.

ఈ రోజు గీకలేదు. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూడలేదు.

సొరంగం తవ్వే పని కాబట్టి గోవర్ధనం వారానికి ఒక్కరోజే ఇంట్లో ఉంటాడు. ఈ రోజు ఉన్నాడు. తండ్రీ తాతా లాగే కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇందు ఆఫీసు నుంచి వచ్చింది. ముసుగు తీయలేదు. కాసేపు అట్లాగే నిలబడి, తర్వాత తీసింది.

"మన ఇంటి నుంచి ఆఫీసులో ఎవరు కాగితం పెట్టారు?"

గోవర్ధనం, "నాకేం తెలుసు, నేను తవ్వకంలో ఉన్నా," అన్నాడు.

ఇందు నా వైపు తిరిగింది.

"నేను రెండు నెల్ల కిందట అర్జీ పెట్టానత్తా. పంపుల వెనక గది. అయిదుగురికి గాలొస్తది. మోతని ఎవరూ తీసుకోలా. మనకి వచ్చేసింది, ఇవాళ సంతకం పెడితే అయిపోను. పోతే అర్జీ కొట్టేశారన్నారు. ఇంటికి ఒక్కటే కాగితమంట. కొత్తది పెడితే పాతది పోద్దంట. గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు."

"మరి నాకు చెప్పొచ్చుగా!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

"చెబితే? మోతకి పిల్ల చెవులు పోతాయని, తడికి దగ్గొస్తదని, రెండు నెల్లు నువ్వు నిద్రపోయేదానివా? వచ్చాక చెబుదామనుకున్నా. నీ మంచం పట్టుద్దో లేదోనని కొలుచుకున్నా కూడా."

మంచం అందుకు కొలిచింది.

"మరి ఆ థాంక్స్‌లు?"

"అవేంటి మధ్యలో?"

"పెట్టె చెప్పమందిగా. ముప్పై రోజులు. బండి వచ్చే దాకా."

ఇందు నా మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ నేనేమనుకున్నానో తనకి అప్పుడే అర్థమైంది.

"కానుపయ్యాక ఇంట్లో మనుషుల మీద చిరాకు పుడతదంట, ముందునుంచీ ఇట్టా చెప్పుకుంటే మంచిదని ఆసుపత్రిలో అందరికీ చెప్పారు. మొదటి ఎనిమిది రోజులు పెట్టె గుర్తు చేస్తే చెప్పా. తర్వాత దాన్ని కట్టేశా. నాకే గుర్తొస్తన్నాయి, అందుకని చెప్పా." ఆగింది. "నిన్ను పంపిస్తాననుకున్నావా? నేనా?"

గోవర్ధనం కాళ్ళు ముడుచుకుని, "ఇప్పుడు ఎవరు పోవాలి మరి?" అన్నాడు.

"మీ అమ్మ పేరు కదలదు. నువ్వు తవ్వకం మనిషివి, నీదీ కదలదు. ఇంకెవరున్నారు ఈ గదిలో?" అంది ఇందు.

229వ రోజు.

రంగు పలచబడింది. నాలుగుసార్లు కలియబెట్టాను.

ఇందు నాతో మాట్లాడుతుంది. ఉప్పు ఎక్కడ, బట్టలు ఆరాయా, అంతవరకే. థాంక్స్ లేదు. ఆ మాట వద్దు వద్దనుకున్నదాన్ని, పొద్దున గుమ్మం దగ్గర తను ఆగుతుందేమోనని రొట్టె మాడబెట్టాను. ఆగలేదు.

ఏడో నెల కడుపుతో రెండు రోజుల ప్రయాణం. అక్కడ ఎవరు పట్టుకుంటారు గిన్నె? నీళ్ళు ఎవరు కాస్తారు? మొదటి కానుపు. ఆ బండి గుంతల్లో ఎట్లా ఊగుతుందో. పిల్లకి ఏమన్నా అయితే? ఇదంతా నేను మూడు గీతలు చదివి పెట్టిన సంతకం.

231వ రోజు.

రంగు కొంచెం తేరుకుంది.

ఆఫీసుకి పోయాను. నిలుపుదల వద్దని చెప్పాను. ఫిలోమినమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "తీసేస్తే కోడలమ్మ పేరు పోయి మీ పేరొస్తుంది అమ్మమ్మా. పాత అర్జీ మాత్రం బతకదు. గది పోయినట్టే."

"తెలుసు. రాయి."

"మీరే రాయాలి."

రాశాను. బసవమ్మ. 'బ' వంకర పోయింది. కొత్త జాబితా 240వ రోజున తలుపు మీద అంటిస్తారట. అప్పటిదాకా ఎవరికీ చెప్పవద్దని ఫిలోమినమ్మని బతిమాలుకున్నాను. ముందే తెలిస్తే గోవర్ధనం తవ్వకంలో పరధ్యానంగా ఉంటాడు, రాయి మీద పడుతుంది. ఇందు ఏడుస్తుంది, కడుపులో పిల్లకి మంచిది కాదు. కాశింబికి చెబితే ఇంకేముంది.

236వ రోజు.

రంగు బాగుంది. నురగ లేదు. ఈ తొట్టి ఎవరి చేతికి పోతుందో. గోడ మూలలు గీకకుండా వదిలేసే రకం కాకపోతే చాలు.

నా పని ఒకటి మిగిలిపోయింది. వాకిట్లో ఉండేవాళ్ళే చెప్పాలి తప్ప పోయేవాళ్ళు చెప్పడం మా దగ్గర లేదు. కానీ ఇందు ఇప్పుడు నాకు చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు. చెప్పవలసినది నా దగ్గరే ఉంది. వారంగా కర్రతో నీళ్ళు కలియబెడుతూ నోట్లో అనుకుంటున్నాను. తొట్టికి చెప్పినంత సులువుగా మనిషికి రాదు.

ఈ మధ్యాహ్నం తను ఆకుమళ్ళ నుంచి తొందరగా వచ్చింది. కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"ఇందూ."

"ఊ."

"పోయిన ఏడాది నా మోకాలు వాచినప్పుడు రోజూ నన్ను తొట్టి దాకా దిగబెట్టేదానివి. సంచి బరువుగా ఉందని మాటిమాటికీ ఆగేదానివి. ఆ సంచిలో ఏమీ ఉండేది కాదు. నేను ఒకరోజు తడిమి చూశా."

తను తినడం ఆపింది.

"తెలిసీ నేనేమీ అనలా. ఇప్పుడంటన్నా. థాంక్స్."

సిగ్గేసింది. తను సంతోషిస్తుందనుకున్నాను, లేకపోతే పాత కోపంతో మాట మళ్ళిస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. కంచం పక్కకి నెట్టింది. కళ్ళు చిన్నవి చేసి నా మొహంలోకి చూసింది.

"ఎక్కడికి పోతన్నావు?"

"ఎక్కడికీ లేదు. చెప్పాలనిపించింది."

"అత్తా. నా మొహం చూసి చెప్పు. ఆఫీసుకి పోయావా?"

నాకు అబద్ధం చెప్పడం వచ్చు. ఆ పూట రాలేదు.

"పేరిచ్చావా? ఎప్పుడు? నన్నడక్కుండా మళ్ళీ కాగితం మీద రాశావా నువ్వు?"

"నీ పేరు తీసేయించా. నువ్వు ఇక్కడే కనొచ్చు. ఇంకేం కావాలి?"

"నిన్ను అడిగానా నేను? ఒకసారి నిన్ను కాపాడుకుని నన్ను తోశావు, ఇప్పుడు నన్ను కాపాడి నువ్వు దూకుతన్నావు. ఈ ఇంట్లో ఇద్దరం కూర్చుని ఒక మాట అనుకోవడం ఉండదా?" అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. ఏడుస్తూనే కంచం దగ్గరికి లాక్కుని తింది, ఆకలికి ఆగలేని నెల కదా. నేను ఇంకొంచెం వడ్డించాను. వద్దనలేదు.

తిన్నాక చేయి కడుక్కుని, "రేపు నాతో రా," అంది.

237వ రోజు.

రంగు పచ్చగా ఉంది. పసుపు కలిసిన పచ్చ కాదు, నిండు ఆకుపచ్చ, ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఉండే రంగు. నురగ లేదు. మూలలు గీకాను. తక్కినది వివరంగా రాస్తాను.

ఆఫీసులో వరుస పొడుగ్గా ఉంది. కడుపుతో ఉన్నదని ఇందుని ముందుకు పొమ్మన్నారు, నేను వెనకాలే పోయాను.

"గది లేదు ఇందుమతీ, నన్నేం చేయమంటావు? నాలుగో మనిషికి గొట్టం చాలదు," అంది ఫిలోమినమ్మ.

"గదిలో మనుషుల్ని ఎట్టా లెక్కేస్తారు మీరు?"

"పడుకునే చోటుని బట్టి. మంచం ఎక్కడుంటే అక్కడి మనిషి."

"పగలు వచ్చి వండుకుని తిని పోతే?"

"అది లెక్కలోకి రాదు. చుట్టాలు రారా ఏంటి?"

"మరి మా అత్త తొట్ల హాల్లో పడుకుంటే?"

ఫిలోమినమ్మ నవ్వింది. "అక్కడెవరు పడుకుంటారమ్మా? పంపుల హోరు, గోడలన్నీ చెమ్మ."

"గాలికి తక్కువా?"

"గాలి పుట్టేదే అక్కడ, తక్కువెందుకుంటుంది?"

"పడుకోకూడదని ఎక్కడన్నా రాసుందా?"

ఫిలోమినమ్మ లావు పుస్తకం తెరిచింది. ఒక పేజీ, ఇంకో పేజీ. వెనకవాళ్ళు గొణుగుతున్నారు. చివరికి, "వద్దని లేదు," అంది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు."

నా గుండెలో పాత అనుమానపు పురుగు మళ్ళీ కదిలింది. ఇందు చెయ్యి గిల్లాను. "అంటే నన్ను ఇంట్లోంచి పంపేస్తన్నావన్నమాట."

"అవును. రెండొందల అడుగులు. కొండ దాటి రెండు రోజులు పోదామనుకున్నదానివి, ఇదేం బాధ? పొద్దున్నే వచ్చి రొట్టెలు కాల్చకపోతే నేనే వచ్చి లాక్కెళ్తా."

"చెమ్మకి నా మోకాలు—"

"గుడ్డ మందంగా పరుస్తా. పిల్లని మధ్యాహ్నం నీ దగ్గరే పడుకోబెడతా. ఇంకేంటి?"

ఇంకా ఉన్నాయి. దగ్గొస్తుందేమో, పంపు పేలుతుందేమో, పంపుల హోరుకి కాదుగానీ పగలంతా కాశింబి వాగుడికి నా చెవులు పోతాయేమో. ఇంటికి పోయాక చెబుదామని ఊరుకున్నాను.

ఫిలోమినమ్మ కాగితం ఇచ్చింది. దూరపాలెం జాబితాలోంచి నా పేరు తీసి, హాలు మంచానికి రాసే కాగితం. ఇద్దరం పెట్టాలట సంతకం. కలం ఇందు చేతిలోకి పోబోతుంటే నేను పట్టుకున్నాను.

"ఆగు. చదువుతా."

చదివాను. ఒక్కో అక్షరం వేలితో పట్టుకుంటూ, పైకే చదివాను. చిన్న అక్షరాలు కూడా. ఒత్తుల దగ్గర ఆగి, వెనక్కి పోయి మళ్ళీ చదివాను. ఎవరెవరి పేర్లు ఉన్నాయో, ఎవరెవరి పేర్లు లేవో, ఎవరికి ఏమవుతుందో మూడుసార్లు చూశాను. వెనక ఒకాయన, "తెల్లారుద్దా అమ్మా ఇది?" అన్నాడు. ఇంకొకామె బల్ల మీద వేళ్ళతో కొట్టింది. ఫిలోమినమ్మ గడియారం చూసుకుంది.

ఇందు ఒక చేయి నడుం మీద పెట్టుకుని నిలబడింది. ఆ కాళ్ళు వాచి ఉన్నాయి, నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా నా చేతిలోంచి కాగితం లాక్కోలేదు. నేను చదువుతానని అనలేదు. చివరి గీత దగ్గర ఒక మాట నాకు కొరుకుడు పడకపోతే, అడిగిన తర్వాతే చెప్పింది.

సంతకం పెట్టాను. తనూ పెట్టింది.

"ఇంతసేపు నిలబడ్డావు. థాంక్స్ ఇందూ," అన్నాను.

మెల్లగానే అన్నాను. అయినా వరుసలో వాళ్ళు గొణగడం మానేశారు. బల్ల మీద కొట్టే ఆమె వేళ్ళు ఆగాయి. అందరూ ఒకసారి నన్ను, ఒకసారి ఇందుని, ఆ కడుపుని చూశారు. వెనక ఆయన ముసుగు దించి, గొంతు తగ్గించి, "ఎవరమ్మా పోయేది?" అని అడిగాడు.

"ఎవరూ పోవట్లేదు," అంది ఇందు.